తిరిగొచ్చిన బేరం

మేడం ఆ మాట అడిగినప్పుడు నా చేతిలో సంగటి ముద్ద ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం వేళ. పైన రేకులు ఎండకు టపటపమంటున్నాయి. "ఇక్కడ ఎలా ఉంది నీకు?" అని చాలా మామూలుగా అడిగారు.

ఆమె మా లీడర్‌షిప్ ప్రోగ్రాంకు పెద్ద. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చారు. రెండేళ్ళపాటు మమ్మల్ని ఒక్కో విభాగంలో ఆరేసి నెలలు తిప్పి, చివరికి ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో తేల్చేది ఆమే. మా రెండేళ్ళూ అయిపోవస్తున్నాయి. తేల్చే రోజు దగ్గరకొచ్చింది.

నాకేం కావాలో నాకు తెలుసు. అనంతపురం దగ్గర బత్తలపల్లె దారిలో ఉన్న ఈ పంపుల ఫ్యాక్టరీలోనే కొనుగోళ్ళ విభాగం మేనేజరు బదిలీ మీద వెళ్ళిపోతున్నారు. ఆయన కుర్చీ నాకు కావాలి. రాత్రి పడుకుంటే అదే కుర్చీ, పొద్దున లేస్తే అదే కుర్చీ.

కాబట్టి ఇలా చెప్పాను: "ఏముంది మేడం. ఎండ, దుమ్ము. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల నీళ్ళతో ఫ్యాక్టరీ నడుపుకుంటున్నాం. సరుకు తెచ్చేవాళ్ళు ఒక్కరూ చెప్పిన రోజుకు రారు. ఏదో, నెట్టుకొస్తున్నాను."

ఆమె తల ఊపి, ఫోనులో ఏదో రాసుకుని, నా పక్కనున్న విశాఖ అబ్బాయి వైపు తిరిగారు. అతనూ నాతోపాటే ప్రోగ్రాంలో చేరినవాడు. చివరి విడత మా ఇద్దరికీ ఇక్కడే పడింది.

"నాకు ఇక్కడ బాగా నచ్చిందండీ," అన్నాడు అతను, నీళ్ళ గ్లాసు కింద పెట్టి. "కొనుగోళ్ళలో ఖాళీ వస్తోందట కదా. ఇస్తే ఇక్కడే ఉండిపోతానండీ."

నేను లోపల నవ్వుకున్నాను. పిచ్చోడు, అంగట్లో కాలు పెడుతూనే 'ఇది నాకు కావాలి' అన్నాడు. ఇంక వీడికి ధర తగ్గించేదెవరు?

నేను అనంతపురం పాతూరులో అంగళ్ళ మధ్య పెరిగినదాన్ని. మా నాయనది కంబళ్ళు, తాళ్ళు అమ్మే అంగడి. ఒక పక్క ఇత్తడి సామాన్లు, ఇంకో పక్క బొరుగులు, వేయించిన పప్పులు. మా వీధిలో పిల్లలకు ఎక్కాల కన్నా ముందు వచ్చే పాఠం ఒకటుంది: నచ్చినదాని మీద చెయ్యి పెట్టకూడదు. చెయ్యే కాదు, కన్ను కూడా నిలపకూడదు.

ఈ విద్యలో మా అమ్మను మించినవాళ్ళను నేను చూడలేదు. ధర్మవరంలో పట్టుచీర కొనడానికి వెళితే, అంగట్లోకి అడుగు పెట్టగానే ఆమెకు కావాల్సిన చీర ఆమెకు కనబడిపోతుంది. ఆ తర్వాత దాని వైపు చూడదు. మిగతావన్నీ విప్పిస్తుంది, మడిపిస్తుంది, పెదవి విరుస్తుంది. చివరికి లేచి, చెప్పు కాలికి తగిలించుకుంటూ, "అదేందన్నా, ఆ కుంకుమరంగుది మాసిపోయినట్లుండాది? దాన్నెవరు కొంటారు?" అంటుంది.

"మాసిపోయిందా? మొన్న మగ్గం దిగినదాన్ని పట్టుకోని మాసిందంటావు గదా అక్కా," అంటాడు ఆయన. అక్కడ మొదలవుతుంది బేరం. ధర తెగకపోతే లేచి నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. అంగడాయన పిలిచాడా, మనం గెలిచినట్లు. పిలవలేదా, ఇంటికి పోవాలి. మనసు ఆగక మనమే మళ్ళీ మెట్టెక్కామా, ఆయన చెప్పినంతా ఇచ్చి తెచ్చుకోవాల్సిందే. తిరిగొచ్చిన బేరానికి తగ్గింపు ఉండదు.

ఈ చదువుతో నేను కార్పొరేట్ కంపెనీలోకి వచ్చాను. మొదటి ఆరు నెలలు గుంటూరు వైపు అమ్మకాలు. రైతులకు పంపులు అమ్మడం నాకు పుట్టింటి పని. రెండో విడత హెడ్డాఫీసులో హెచ్ఆర్. అక్కడ తికమకపడ్డాను. మా వీధిలో "ఇదేం బాగుండాది" అంటే కావాలని అర్థం. హెడ్డాఫీసులో "చాలా బాగుంది, ఆలోచిద్దాం" అంటే వద్దని అర్థం. ఒక పెద్దాయన నా ప్రతిపాదనను మూడు మీటింగుల్లో వరసగా పొగిడితే, ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఆ ప్రతిపాదన ఏమైందో ఇప్పటికీ తెలియదు. మూడో విడత చెన్నైలో నాణ్యతా విభాగం. అక్కడ ఇడ్లీ తప్ప నాకేదీ అర్థం కాలేదు.

నాలుగోది ఇక్కడ, కొనుగోళ్ళు. మొదటి రోజు ఆ బల్ల వెనక కూర్చున్నాను. ఎదురుగా అట్టపెట్టెలు సరఫరా చేసే మనిషి నిలబడి, నవ్వుతూ, నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. అది మా నాయన నవ్వు. గిరాకీ మెట్టెక్కగానే పుట్టి, గిరాకీ దిగిపోగానే చచ్చిపోయే నవ్వు. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో అందరం ఆ నవ్వు వైపే ఉన్నాం. "కూచోండన్నా, నీళ్ళు తాగుతారా" అనేది మేము, కాలు మీద కాలేసుకుని కూర్చునేది వాళ్ళు. మొదటిసారి నేను బల్లకు ఇవతలి వైపున ఉన్నాను. లేవబుద్ధి కాలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ కుర్చీ నాది కావాలని.

నీళ్ళ ట్యాంకర్ల యజమానితో జరిగిన బేరం దాన్ని ఇంకా గట్టి చేసింది. ఆయన మండలంలో మాట చెల్లే మనిషి, తెల్లచొక్కా, వెనక ఇద్దరు. వచ్చీ రాగానే నా పక్కనున్నవాళ్ళకు వినబడేలా, "ఏమ్మా, మీ నాయన అంగట్లో పలుపులు కొన్నోడిని నేను. నాతోనే బేరమా?" అన్నాడు.

"మా నాయన దగ్గర నువ్వు బేరం జేయకుండా కొన్నావా అన్నా?"

"తాళ్ళంటే తాళ్ళు. ఈ కరువు సీమలో నీళ్ళకు బేరమేందమ్మా?"

"అయితే వద్దులేన్నా. బుక్కరాయసముద్రం నుంచి ఒకాయన వస్తానన్నాడు."

"వాని ట్యాంకరా? తుప్పు పట్టింది. నీళ్ళు ఈడికొచ్చే లోపల సగం రోడ్డే తాగుతాది," అని లేచాడు. తలుపు దాటాడు. మా మేనేజరుకు చెమటలు పడుతున్నాయి. సంపులో నీళ్ళు అడుగంటాయి, సాయంత్రం షిఫ్టు ఆగిపోతుంది. "పిలువమ్మా," అని సైగ చేశారు. నేను కంప్యూటరు వైపు చూస్తూ కూర్చున్నాను. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఇంజన్ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. అది వినబడలేదు. అడుగుల చప్పుడు వచ్చింది.

"నువ్వు మీ నాయనకన్నా మొండిదానివమ్మా," అంటూ మళ్ళీ కూర్చున్నాడు ఆయన.

ఇలాంటి గెలుపు తలకెక్కినవాళ్ళు క్యాంటీన్‌లో మేడంతో వేరేగా ఎలా మాట్లాడతారు? నా లెక్క సూటిగా ఉంది. నేను ఈ చోటును తిడతాను. కంపెనీ బతిమాలుతుంది: 'నువ్వు ఈ ఊరిదానివి, నువ్వు తప్ప ఎవరున్నారు, ఉండు' అని. అప్పుడు నేను మొహం అదోలా పెట్టి, ఇల్లు, కారు, గ్రేడు ఒక్కొక్కటే అడిగి, చివరికి వాళ్ళ కోసం ఒప్పుకున్నట్లు ఒప్పుకుంటాను.

మేడం హైదరాబాదు వెళ్ళిపోయారు. నేను లేచి నడిచేశాను కాబట్టి, ఇక పిలుపు రావాలి. ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి దాని మీదికి పాకేది. క్రెడిట్ కార్డు కావాలా అని ఎవరో. మందులు తెమ్మని అమ్మ. మేడం మాత్రం కాదు. వారం గడిచేసరికి మా మేనేజరు గది ఖాళీ చేయడం మొదలుపెట్టారు. గోడ మీది దేవుడి పటం తీశారు. మిగిలిన ఆ ఖాళీ మేకును రోజుకు నాలుగుసార్లు చూసి వచ్చేదాన్ని.

శుక్రవారం మెయిల్ వచ్చింది. ప్రతిపాదించిన పోస్టింగులు అందులో ఉన్నాయి. నాకు హెడ్డాఫీసు, హెచ్ఆర్. విశాఖ అబ్బాయికి అనంతపురం, కొనుగోళ్ళు. అభ్యంతరాలుంటే సోమవారం ఫ్యాక్టరీలోనే ప్యానెల్ ముందు చెప్పుకోవచ్చు, ఆ తర్వాత మార్పులుండవు.

అందరూ వచ్చి చేతులు కలిపారు. హెడ్డాఫీసంటే మాటలా అన్నారు. నిజమే, బ్యాచ్‌లో సగం మంది ఆ సీటు కోసం చూస్తున్నారు. నేను నవ్వాను. గిరాకీ దిగిపోయేదాకా ఉండే మా ఇంటి నవ్వు.

సాయంత్రం అంగడికి పోయి నాయనతో చెప్పాను. తాళ్ళ చుట్టలు సర్దుతూ ఆయన అంతా విన్నాడు.

"నువ్వు తిట్టిన తిట్టు సరిగ్గానే ఉండాది. ఎండ, దుమ్ము, నీళ్ళు. దాంట్లో తప్పేమీ లేదు," అన్నాడు, పరీక్ష పేపరు దిద్దుతున్నట్లు.

"మరి పిలవలేదే?"

"ఇంకా సోమవారం ఉండాది గదా. పిలుస్తారు. నువ్వు మాత్రం పోవద్దు పాపా. పోతే చులకనైపోతావు."

"పిలవకపోతే?"

నాయన చుట్టను మేకుకు తగిలించాడు. "పిలవకపోతే ఆ సరుకు మనది కాదనుకోవాల."

ఆదివారం నేను అంగట్లోనే ఉన్నాను, ఇంట్లో ఉండలేక. ఎండకు వీధి తెల్లగా మెరుస్తోంది. ఆ ఎండలో విశాఖ అబ్బాయి వచ్చాడు. మా అంగడి ఎక్కడని ఎవరినో అడిగి కనుక్కున్నాడట. అరకు దగ్గర వాళ్ళ తాతగారున్నారు, అక్కడ చలి, ఈ జిల్లా గొర్రెబొచ్చు కంబళి ఒకటి పంపాలి. వేసవిలో కంబళి అడిగిన మనిషిని మా నాయన కళ్ళింత చేసుకుని చూశాడు.

పరిచిన మొదటి కంబళి మీదే అతను అరచెయ్యి పెట్టాడు. "చాలా బాగుందండీ. ఇదే కావాలి. ఎంతండీ?"

నాయన ధర చెప్పాడు. ఆయన చెప్పే ధరలో దాదాపు సగం గిరాకీ నరికేస్తాడని కలిపి పెట్టేది. వీధి అందరికీ తెలుసు. అతనికి తెలియదు. ఫోను తీసి, గల్లాపెట్టె దగ్గర నిలబెట్టిన స్కానింగు అట్ట ముందు పెట్టాడు.

మా నాయన టక్కున ఆ అట్ట మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండప్పా, ఉండు. అంత వద్దు."

"మీరే చెప్పారు కదండీ?"

"చెప్పినా. చెప్పేది చెప్పినా. నువ్వు తగ్గించమనాల గదా."

"ఎందుకండీ? నాకు నచ్చింది. మీకు గిట్టే ధరే చెప్పుంటారు."

నాయన ముఖం చూసి నాకు నవ్వు ఆగలేదు. ఆయన తనంతట తానే కొంచెం తగ్గించాడు. అతను సరేనండీ అన్నాడు. నాయన అట్ట మీది చెయ్యి తీయలేదు. మళ్ళీ తగ్గించాడు. ఇద్దరు మనుషులు ఆడాల్సిన బేరం ఆయనొక్కడే ఆడుకుని, పక్క అంగడాయనకు ఇచ్చే ధర కన్నా కిందికి దిగి, అప్పుడు చెయ్యి తీశాడు.

కంబళి కడుతుంటే నేను ఆ అబ్బాయిని మెట్ల దగ్గరికి తీసుకుపోయాను. "నీకు ఆ సీటు నిజంగా అంత ఇష్టమా?" అన్నాను, గొంతు తేలిగ్గా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

"ఇష్టమేనండి. అందరూ హెడ్డాఫీసు అంటారు. ఎవరూ అడగని చోటు అడిగితే తొందరగా ఇస్తారు, బాగా చేస్తే తొందరగా పైకి పంపుతారు. అదీ నా లెక్క." మూట కోసం లోపలికి చూస్తూ అన్నాడు: "నిజానికి మీరు అడుగుతారనుకున్నానండీ. ఆ ట్యాంకర్ల రోజు మిమ్మల్ని చూశాను కదా. మీరు అడిగితే నాకు ఇవ్వరనే అనుకున్నాను. ఆ రోజు క్యాంటీన్‌లో మీ మాట విని ఆశ్చర్యపోయాను."

"ఇప్పుడు అడిగితే?"

"అడగండి. నేను మాత్రం వదలనండి. వచ్చింది కదా." నవ్వుతూనే అన్నాడు, మెత్తగా అనలేదు.

అతను పోయాక నాయన చాలాసేపు గొణుక్కున్నాడు. "ఇట్లాంటోనితో ఎట్ల బేరం జేసేది? ఒక్క మాట తగ్గించమనలేదు. నా చేత్తోనే నా ధర నరికించి పోయినాడు." నేను నవ్వుతూ ఉన్నాను. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. రేపు ప్యానెల్ ఉంది.

సోమవారం నాయనకు చెప్పకుండానే ప్యానెల్ ముందుకు పోయాను. గదిలో మేడం, ఆమె పక్కన ఫ్యాక్టరీ పెద్దాయన ఉన్నారు. పెద్దాయనది మా పక్కనే, కొత్తచెరువు. నేను కూర్చోగానే మేడం, "హెడ్డాఫీసు విషయంలో ఏమన్నా అభ్యంతరమా?" అన్నారు.

రాత్రంతా వల్లెవేసుకున్న మాట వేరు, నోట్లోంచి వచ్చిన మాట వేరు. "అభ్యంతరమని కాదు మేడం. హెడ్డాఫీసు కూడా బాగానే ఉంటుంది. కాకపోతే, ఇక్కడ ఎవరూ దొరక్క మీకు ఇబ్బందైతే, నేను ఆలోచిస్తాను."

"ఇబ్బందేం లేదు," అన్నారు మేడం. "అతను ఉన్నాడు. థాంక్యూ." ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశారు.

మూత కిందికి దిగుతోంది. ఎవరూ పిలవరని అప్పుడు అర్థమైంది. ఇది అంగడి కాదు. ఇక్కడ వద్దన్నదాన్ని వద్దన్నట్లే రాసుకుంటారు.

"మేడం, నాకు ఈడనే కావాల," అన్నాను. ఆఫీసు తెలుగు ఎటు పోయిందో, అరిచినట్లే వచ్చింది. "మొదటి రోజు నుంచి ఈ కుర్చీ తప్ప నాకేమీ వద్దు."

మూత ఆగింది. "నువ్వే కదా, ఎండ, దుమ్ము, నీళ్ళు లేవు అన్నావు?"

చెప్పాను. అమ్మ పట్టుచీర దగ్గర నుంచి చెప్పాను. చెబుతుంటే ఎంత వెర్రిగా ఉందో నాకే వినబడుతోంది. పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మా పక్క అంతే మేడం," అన్నారాయన. "గొర్రెను కొనేవాడు దాన్ని కుంటిదంటాడు. కుంటి కాదని అమ్మేవానికీ తెలుసు, కొనేవానికీ తెలుసు, గొర్రెకు గూడా తెలుసు."

"గొర్రెకు తెలుసేమో. నాకు తెలియలేదు," అన్నారు మేడం. నవ్వలేదు. నా వైపు తిరిగారు. "రేపు నీ కింద మనుషులు పనిచేస్తారు. వాళ్ళ పని నీకు నచ్చితే పెదవి విరుస్తావా? నీ మనసులో ఏముందో కనిపెట్టడం కూడా వాళ్ళ ఉద్యోగమేనా?"

పెద్దాయన నోటి మీంచి చెయ్యి తీసేశారు.

"ఆ కుర్చీ అతనికి ఇచ్చేశాం," అన్నారామె. "అడిగాడు, ఇచ్చాం. వెనక్కి తీసుకోం. అతని కింద ఒక చోటు ఉంది. నీకు హెడ్డాఫీసులో ఇస్తున్నదాని కన్నా ఒక మెట్టు తక్కువ. ఏడాది తర్వాత చూస్తాం. చూస్తామంటున్నాను, ఇస్తామనడం లేదు. కావాలో వద్దో ఇప్పుడే చెప్పాలి."

నోరు తెరిచాను. ఏడాదిని ఆరు నెలలు చేయమనొచ్చు. మెట్టు దిగుతాను, జీతం దించకండి అనొచ్చు. కనీసం రేపు చెబుతానని లేవొచ్చు. నా లోపల మా అమ్మ అప్పుడే చెప్పు కాలికి తగిలించుకుంటోంది. ఎదురుగా మేడం చెయ్యి ఇంకా ఆ మూత మీదే ఉంది. అది మా నాయన చెయ్యి కాదు, తనంతట తాను తగ్గించదు.

"కావాలి మేడం."

"ఇంకేమీ అడగవా?"

"అడగను."

ఆమె టైపు చేసుకున్నారు. బయటికొచ్చాను. వరండాలో విశాఖ అబ్బాయి, లోపల ఏం తేలుతుందోనని కూర్చున్నాడు. "మీ కుర్చీ మీకే ఉంది. పక్కన నాకొకటి వేయించండి," అన్నాను. అర్థం కావడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. "ట్యాంకర్లాయనతో మాత్రం మీరే మాట్లాడాలండీ," అన్నాడు.

సాయంత్రం అంగడికి పోయాను. నాయన ఎవరికో మోకు కొలుస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా నిలబడి, తర్వాత చెప్పాను. మెయిల్ వచ్చినా పిలుపు రాలేదని, నేనే మెట్టెక్కానని, అడిగినంత ఇచ్చి వచ్చానని, అది కూడా పక్క కుర్చీ కోసమని.

నాయన మోకు చుట్టడం ఆపాడు.

"ఏమీ తగ్గించుకోలేదా?"

"లేదు నాయనా."

"ఒక్క మాట గూడా అడగలేదా?"

"అడగలేదు."

ఆయన వీధి వైపు చూశాడు. పక్క అంగడాయన వింటున్నాడేమోనని చూశాడనుకుంటాను. మా ఇంటి పరువు ఆ విషయంలోనే ఉంటుంది మరి.

"సరుకు మంచిదేనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మంచిదే. శానా మంచిది నాయనా." సరుకు గురించి ఆయన ముందు నేను అలా అనడం అదే మొదటిసారి.

"అయితే సరే," అన్నాడు. "బయట మాత్రం తగ్గించి ఇచ్చినారని చెప్పు."